పిల్లమ్మ ఒప్పుకున్న దొంగతనం

కబ్బన్‌పేట, బెంగళూరు
11 మార్చి 1946

ప్రియమైన చిన్నాయనకు గంగప్ప నమస్కారాలు.

మీ దగ్గర రెండేండ్లు ప్లీడరు పాఠం చెప్పించుకున్నాక ఇప్పటికి నాకొక పసిపిల్ల కేసు వచ్చింది. పేరు పిల్లమ్మ, పన్నెండేండ్లు. అమ్మానాన్న లేరు, మేనమామ మారప్ప సాకుతున్నాడు. ఇక్కడి మగ్గాల షెడ్డులో కండెలకు పట్టుదారం చుట్టే పని. మొన్న యజమాని పట్టు కండెలు తక్కువొచ్చినాయని కేకలేస్తే, ఎవరూ ఆమె పేరు ఎత్తకముందే "నేనే తీసినా" అనిందంట. పోలీసులకూ అదే చెప్పింది, నాకూ అదే.

మీరు నేర్పినట్టే కోటు విప్పి నేలమీద కూర్చొని మాట్లాడినా. తీసి ఏం చేసినావమ్మా అంటే, "బడికి పంపిస్తారా?" అని మాత్రం అడిగింది. నేరం రుజువైతే పదహారేండ్లు వచ్చేదాకా సర్కారు పిల్లల బడిలో పెడతారు కదా, ఆ భయం కాబోలు. మారప్ప వకాలతు మీద వేలిముద్ర వేసి, "ఎట్లన్నా చేసి ఇంటికి తెప్పించప్పా" అని నా చేతులు పట్టుకున్నాడు. రోజంతా కోర్టు వరండాలో నిలబడి కాళ్ళు లాగుతున్నాయి. ఏం చేయమంటారు?

మీ మాట కోసం ఎదురుచూస్తూ,
గంగప్ప

*

దొడ్డబళ్ళాపురం
15 మార్చి 1946

ప్రియమైన గంగప్పకు ఆశీస్సులు.

పోలీసుల ముందు పసిపిల్ల ఒప్పుకున్న మాటను పట్టుకోవద్దు. భయంతో ఏదైనా అంటారు. ముందు ఆ కండెలు ఎక్కడికి పోయినాయో వెతుకు. ఆ తర్వాత పిల్లని ఇంటికి పంపమని అడుగు. ముప్పై ఏండ్లు నేను కోర్టుల్లో అడిగింది అదొక్కటే. మన శనివారం పాఠాల్లో మీ చిన్నమ్మ సొన్నమ్మని పిల్ల ముద్దాయి వేషంలో కూర్చోబెడితే, "ఇంటికి పోతా, ఇంటికి పోతా" అని కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చేది గుర్తుందా? మీరంతా నవ్వేవాళ్ళు. ఏ పిల్లకైనా కావాల్సింది అదే.

ఈమధ్య పాఠానికి ఇద్దరే వస్తున్నారు. పిల్లల కేసులు నేర్చుకొని ఏం బాగుపడాలని అడుగుతున్నారు. చెప్పీ చెప్పీ నాకూ విసుగొచ్చింది. నువ్వొక్కడివి నిలబడితే చాలు.

నీ మేలు కోరే
ఓబళప్ప

*

కబ్బన్‌పేట, బెంగళూరు
2 ఏప్రిల్ 1946

ప్రియమైన చిన్నాయనకు నమస్కారాలు.

కేసు గెలిచినాం. కండెలు అసలు పోనేలేదు. యజమాని తమ్ముడు వాటిని రంగు వేయించడానికి పంపి, అన్నతో చెప్పడం మరిచినాడు. ఆ మాట కోర్టులో అతని నోటితోనే చెప్పించినా. మేజిస్ట్రేటు పిల్లమ్మని విడిచిపెట్టి మారప్పకి అప్పగించినారు. తోటి ప్లీడర్లు నాకు కాఫీ కూడా తాగించినారు.

కానీ ఆ పిల్ల మారప్ప వెంట పోలేదు. కోర్టు తలుపు పట్టుకొని నిలబడిపోయింది. ఆయనే ఒక్కొక్క వేలూ విడిపించినాడు. పోతా పోతా నా వైపు తిరిగి, "నేనే తీసినానని అంతమందికీ చెప్తి కదన్నా, నువ్వేల కాదని చెప్పినావు?" అనింది. గెలిచిన సంతోషం నాకు లేదు, చిన్నాయనా. ఒళ్ళంతా అలుపుగా ఉంది.

ఏమీ పాలుపోని
గంగప్ప

*

దొడ్డబళ్ళాపురం
5 ఏప్రిల్ 1946

ప్రియమైన గంగప్పా,

నీ జాబు చదివినప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. వకాలతు మీద వేలిముద్ర ఎవరిది? మారప్పది. అంటే నీ కక్షిదారు ఆయనే, ఆ పిల్ల కాదు. పసివాళ్ళకి బదులు ఇంటి పెద్దలు ముద్ర వేయడం ఆనవాయితీ గదా అని నేనూ ముప్పై ఏండ్లు అట్లే వేయించినా. ఎంతమంది పిల్లల్ని ఎవరి చేతుల్లో పెట్టినానో తలుచుకోవాలంటే భయంగా ఉంది.

మీ చిన్నమ్మతో చెప్తే, "ఇంటికి పోతానని ఏడమని నువ్వు నేర్పిస్తివి, నేను ఏడిస్తి. ఇంటికి పోనని తలుపు పట్టుకోమని ఆ పిల్లకి ఎవురు నేర్పిచ్చినారు?" అనింది. వెంటనే ఆ ఇంటికి పో. ఈసారి నా మాట కాదు, ఆ పిల్ల మాట విను.

సిగ్గుతో,
నీ చిన్నాయన

*

కబ్బన్‌పేట, బెంగళూరు
24 ఏప్రిల్ 1946

ప్రియమైన చిన్నాయనకు,

పోయినా. వాకిట్లో పెండ్లి పందిరికి గుంజలు పాతుతున్నారు. మారప్పకి నలభై దాటినాయి, పెండ్లాం పోయి ఏడాది. ఆ వారం శుక్రవారమే పిల్లమ్మని పెండ్లి చేసుకోబోతున్నాడంట. "అక్క కూతురు కదప్పా, నాకు కాక ఇంకెవురికి? నువ్వే కదా ఇంటికి తెప్పిస్తివి" అని నాకు తాంబూలం ఇవ్వబోయినాడు. ఆ పిల్ల జరగని దొంగతనం నెత్తిన వేసుకునింది ఈ పెండ్లి తప్పించుకోడానికి. బడి గురించి అడిగింది భయంతో కాదు, ఆశతో.

పెండ్లి ఆపమని అర్జీ పెడితే, మేనరికం ఇంటి వ్యవహారమని తిప్పి పంపినారు. పెండ్లికి ముందురోజు, గురువారం పొద్దున, ఠాణా నుంచి కబురొచ్చింది. పిల్లమ్మ షెడ్డులో రెండు పట్టు కండెలు నిజంగానే తీసుకొని, నడుచుకుంటూ ఠాణాకి పోయి బల్లమీద పెట్టిందంట. ఈసారి వకాలతు మీద ఆమె వేలిముద్రే వేయించుకొని, ఏం కావాలో చెప్పమన్నా. "ఈతూరి నన్ను కాపాడొద్దన్నా" అనింది.

కోర్టులో నేరం ఒప్పుకున్నాం. నాలుగేండ్లు బడిలో పెట్టినారు. దొంగ అనే మాట ఆమె పేరు పక్కన రాసేసినారు, ఇంక దాన్ని చెరపడం నా వల్ల కాదు. ఇంతకన్నా మంచి దారి చూపించలేకపోయిన ప్లీడరుని, చిన్నాయనా. ఏడుపొచ్చింది.

ఆఖరున గుమాస్తా, "విడుదలైనాక ఎవరికి అప్పగించాల?" అంటూనే మారప్ప పేరు రాయబోతే చెయ్యి అడ్డం పెట్టినా. పిల్లమ్మని అడిగితే ఎవరూ లేరనింది.

"దొడ్డబళ్ళాపురంలో మా చిన్నమ్మ ఉండాది. ఆమె పేరు రాయమంటావా?" అన్నా.

"ఆ ఇంట్లో మగోళ్ళు ఎవురుండారు?"

"ఒక ముసలి ప్లీడరు. ఇన్నేండ్లూ తప్పుడు పాఠం చెప్పినానని కుమిలిపోతా ఉండాడు."

"సరే, రాయి" అనింది.

రాయించేసినా, చిన్నాయనా. మీ ఇద్దరినీ అడగలేదు.

మీ
గంగప్ప