జెస్సీ వదినకు చెప్పని మాట

భవానీపురం, విజయవాడ
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన రూతక్కకు,

నీ చెల్లెలు కరుణ రాస్తున్నది. దేవుని దయవల్ల ఇక్కడ మామయ్య, అత్తయ్య, జెస్సీ వదిన, నేను ఒంట్లో బాగానే ఉన్నాము. అక్కడ నువ్వు, బావ, పిల్లలు ఎలా ఉన్నారు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఎండ దిగకముందే చెరువు గట్ల మీదికి వెళ్ళవద్దని నాన్నకు మళ్ళీ చెప్పు. నేను వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను. నా గురించి దిగులు పెట్టుకోవద్దని అమ్మతో అను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోనైతే నువ్వు స్పీకర్ పెడతావు, ఇల్లంతా వింటుంది. ఇది నువ్వొక్కదానివే చదవాలి. అందుకే ఇంటికి కాకుండా నీ అంగన్‌వాడీకి పంపుతున్నాను.

ఇక్కడి ఎండ మన నాగాయలంక ఎండలా కాదు. అక్కడ సాయంత్రానికి గాలైనా వస్తుంది. ఇక్కడ రాత్రికి కూడా గోడలు వేడిగానే ఉంటాయి. అత్తయ్య బాగానే చూస్తున్నారు. రోజూ పప్పు, ఒక వేపుడు, పెరుగు. చేపల పులుసు మాత్రం అమ్మ చేతిదే తినాలనిపిస్తుంది. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండురొయ్యలు పంపు.

ఉద్యోగంలో చేరి ఐదు వారాలైంది. పని విదేశాల్లోని ఆసుపత్రుల బిల్లులు సరిచూడటం. నేర్చుకుంటే వచ్చేదే, భయం లేదు. బట్టల దగ్గరే నాకు కష్టం వచ్చింది. చేరేముందు వచ్చిన మెయిల్‌లో సోమవారం నుంచి బుధవారం వరకు ‘బిజినెస్ క్యాజువల్’ వేసుకుని రావాలని, మిగతా రోజులు మన ఇష్టమని రాశారు. ఆ మాటకు అర్థం ఎవరిని అడగను? జెస్సీ వదిన అదే ఆఫీసులో నాలుగేళ్ళుగా చేస్తోంది, నాకు ఉద్యోగం చెప్పిందే తను. తను బీరువా తెరిచి, నీకేది కావాలంటే అది తీసుకో అంది. నేను వద్దన్నాను. చిన్నప్పుడు ప్రతి క్రిస్మస్‌కూ అత్తయ్య తన కూతురివి పంపే పాత బట్టల మూట నీకు గుర్తుందిగా. వదినకు పొట్టివైనవన్నీ నాకు కొత్తవి. సెలవులకు మన ఊరు వచ్చినప్పుడు గుడిలో వదిన నన్ను చూసి, ఆ గౌను నాదే అని పక్క పిల్లలకు చూపించేది. తనకు అది గొప్పగా ఉండేది, నాకు ప్రాణం పోయేది. ఇరవయ్యారేళ్ళు వచ్చాక కూడా తన బట్టలే వేసుకుని తన ఆఫీసుకే వెళ్ళాలా అనిపించింది.

బట్టలు కొనడానికి ఒక్కదాన్నే వన్ టౌన్ వెళ్ళాను. ఆఫీసుకైతే ఇంతకుమించింది లేదమ్మా అని కొట్టాయన తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు చేతిలో పెట్టాడు. మొదటిరోజు అవే వేసుకుని, అద్దంలో చూసుకుని మురిసిపోయాను. పదకొండు గంటలకు ఎవరో పెద్దమనిషి ఆఫీసుకు వచ్చాడు. నన్ను పిలిచి, ‘రెండు టీ అమ్మా, ఒకటి పంచదార లేకుండా’ అన్నాడు. అప్పుడు చూశాను. మా ఆఫీసులో టీ, కాఫీలు అందించే వాళ్ళందరికీ యూనిఫామ్ తెల్ల చొక్కా, నల్ల ప్యాంటే. కాదని చెప్పడానికి నోరు రాక వెళ్ళి టీ తెచ్చాను అక్కా. ట్రే పట్టుకుని వస్తుంటే వదిన ఎదురొచ్చింది. నా చేతిలోంచి ట్రే తీసుకుని, తనే ఆయన ముందు పెట్టి, ‘ఈ అమ్మాయి మా టీమేనండీ, ఈ రోజే చేరింది’ అని నవ్వుతూ చెప్పింది. ఆయన సారీ అన్నాడు. వదిన చేసింది మంచిపనే. కానీ ఆ పూట నాకు ఆయన మీద కోపం రాలేదు, వదిన మీద వచ్చింది.

మర్నాటి నుంచి గతిలేక తన నీలం కుర్తా, తన లేతరంగు ప్యాంట్లు వేసుకున్నాను. మూడోరోజే పక్క సీటమ్మాయి, ఇది జెస్సీది కదూ అంది. వదిన మామూలు నూలు చొక్కా వేసి చేతులు మోచేతి దాకా మడిస్తే, అది తన కోసమే పుట్టినట్టుంటుంది. నేను అదే వేస్తే అడిగి తెచ్చుకున్నట్టుంటుంది. రోజంతా తన చెప్పులు, తన వాచీ, తను నడిచే తీరు ఇవే చూస్తూ కూర్చునేదాన్ని. అద్దంలో నా మొహం నాకే నచ్చేది కాదు.

ఇక అసలు సంగతి. మూడోవారం మంగళవారం వదిన పన్ను తీయించుకోవడానికి సెలవు పెట్టింది. ఆ రోజు మా టీమ్ లీడర్ మాధవి మేడం అందరినీ పిలిచి, గురువారం హెడ్ ఆఫీసు వాళ్ళు వస్తున్నారు, ఆ ఒక్కరోజూ క్యాజువల్ కుదరదు, పూర్తి ఫార్మల్ కానీ చీర కానీ కట్టుకోవాలి అన్నారు. వాళ్ళ ముందు రెండు నెలల పని వివరించి చెప్పాల్సింది వదినే. తన పైమెట్టు ఉద్యోగం దాని మీదే ఆధారపడి ఉంది. మేడం నా వైపు తిరిగి, ‘మీరిద్దరూ ఒకే ఇంట్లో కదా, జెస్సీకి నువ్వు చెప్పు కరుణా’ అన్నారు. అలాగేనండీ అన్నాను.

చెప్పలేదు. ఆ సాయంత్రం వదిన బుగ్గ మీద ఐసు పెట్టుకుని, ఆఫీసులో విశేషాలేమిటని అడిగింది. ఏమీ లేవన్నాను. బుధవారం కూడా తను వాపుతో ఇంట్లోనే ఉండిపోయింది, రాత్రి తన పక్కనే పడుకుని కూడా చెప్పలేదు. గురువారం తను స్నానానికి వెళ్ళగానే నేను గంజిపెట్టిన నేతచీర కట్టుకుని, పనుందని అత్తయ్యతో చెప్పి సిటీ బస్సెక్కేశాను.

వదిన తొమ్మిదిన్నరకు జీన్స్, పొట్టి టాప్‌తో వచ్చింది. తలుపు దగ్గరే ఆగి అందరినీ చూసి, చివరికి నన్ను చూసింది. మాధవి మేడం మొహం మాడ్చుకుని, ‘కరుణ నీకు చెప్పలేదా?’ అని అడిగారు.

వదిన నా వైపు చూడకుండానే, ‘చెప్పిందండీ. నేనే మర్చిపోయాను’ అంది.

వెళ్ళి మార్చుకుని వచ్చే వ్యవధి లేదు. తన బదులు కిరణ్ అనే అబ్బాయి చెప్పాడు, తడబడ్డాడు. అద్దాల గది బయట వదిన తన సీట్లో కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆ గది వైపే చూస్తోంది. నేను కోరుకున్నది అదే కదా. చూస్తే ఒక్క క్షణం కూడా సంతోషం కలగలేదు. పైగా, అబద్ధమాడి నన్ను కాపాడినందుకు కూడా కుళ్ళుకున్నాను. మంచితనంలోనూ తనే ముందుందే అని.

సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే వచ్చి అడిగింది.

‘ఎందుకు చెప్పలేదే?’

మర్చిపోయానని అనబోయి మానేశాను. ‘కుళ్ళు వదినా’ అన్నాను.

‘నేనేం చేశాను నీకు?’

‘ఏం చెయ్యలేదు. అన్నీ ఇచ్చావు. అదే.’

తను మడతపెట్టిన బట్టలు తీసుకుని కిందికి వెళ్ళిపోయింది. అత్తయ్యకు, మామయ్యకు ఒక్కమాట చెప్పలేదు. నాతోనూ మాట్లాడలేదు. పక్కపక్కనే భోంచేసేవాళ్ళం, కూర గిన్నె మాత్రం జరిపేది. అంతదాకా ఉదయం కలిసే వెళ్ళేవాళ్ళం, ఇక తన స్కూటీ మీద తను, బస్సులో నేను.

నాలుగు రోజులు భరించి, సోమవారం మాధవి మేడం దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పేశాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, ‘పనిలో నీ తప్పులు నేను దిద్దగలను. ఇది నేను దిద్దేది కాదు’ అన్నారు. నా ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారు. హెడ్ ఆఫీసుతో మాట్లాడి వదినకు మళ్ళీ వీడియోలో అవకాశం ఇప్పించారు. మొన్న బుధవారం అది జరిగింది. వదిన గుక్క తిప్పుకోకుండా ఇరవై నిమిషాలు చెప్పింది. అవతలివాళ్ళు అడిగిన ప్రతిదానికీ జవాబిచ్చింది. ఫలితం ఇంకా తెలియలేదు.

నిజం చెప్పనా అక్కా? వింటూ ఉంటే నాకు మళ్ళీ కడుపు మండింది. నేను అలా ఎప్పటికి మాట్లాడతాను అని. నేను చేసింది ఒప్పుకుంటే అది పోతుందనుకున్నాను, పోలేదు. కాకపోతే ఈసారి దాన్ని గుర్తుపట్టాను. నోరు మూసుకుని కూర్చున్నాను.

బట్టల సంగతి అడుగుతావని రాస్తున్నాను. మరీ పెళ్ళికి వెళ్ళేటట్టూ కాకుండా, మరీ ఇంట్లో ఉన్నట్టూ కాకుండా ముదురు రంగు నూలు కుర్తాలు రెండు, స్ట్రెయిట్ ప్యాంటు ఒకటి కొనుక్కున్నాను. అవి వేసుకుంటే ఎవరూ ఏమీ అనడం లేదు. అదే కావలసింది.

శుక్రవారం పొద్దున బస్సుకని గేటు దాటుతుంటే వెనక నుంచి స్కూటీ వచ్చి ఆగింది. ‘ఇంకా కోపం పోలేదు. పోయిందనుకోకు’ అంది వదిన. సరే వదినా అన్నాను. ‘ఎక్కు, టైమవుతోంది’ అంది. దారిలో స్పీడ్ బ్రేకర్ల దగ్గర మాత్రం, గట్టిగా పట్టుకో అని చెప్పింది.

అమ్మకు, నాన్నకు, బావకు నా వందనాలు. పిల్లలకు ముద్దులు. పాస్టరమ్మగారిని అడిగానని చెప్పు. ఇదంతా చదివి నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ రాసి తిట్టు. ఇక నీ ప్రార్థనలో నా ఉద్యోగం గురించి అడగవద్దు అక్కా, దాన్ని నేను చూసుకుంటాను. వదినకు పైమెట్టు వస్తే, ఆ కబురు విన్న నిమిషంలో నా మనసులో ముందుగా సంతోషమే కలగాలని అడుగు.

నీ ఆశీస్సులు కోరే చెల్లెలు,
కరుణ