ఫ్లోరా సెమినార్‌లో ప్రార్థన

జాక్సన్ నాన్నగారికి,
సీతమ్మధారలో అందరినీ ప్రభువు చల్లగా చూస్తున్నాడు. కొడుకూ కోడలూ చదువులనీ చర్చి అనీ తిరుగుతుంటే మనవరాలు ఏమైపోతుందోనని, పిల్లని మన ఊరు పద్మనాభం తెచ్చేయమన్నారు మీరు. వారమంతా కళ్ళారా చూశాను. ఒకరు తినిపిస్తుంటే ఒకరు థీసిస్ రాసుకుంటారు. సాయంత్రం పిల్లనెత్తుకునే చర్చిలో పాటల ప్రాక్టీసుకి వెళతారు. నిన్న యూనివర్సిటీలో మన కోడలు ఫ్లోరా ఇచ్చిన సెమినార్‌కి నేనూ వెళ్ళాను. మాట్లాడ్డానికి లేచి నిలబడి, సండేస్కూల్లో పిల్లలకి చెప్పే అలవాటుకొద్దీ ప్రొఫెసర్లతో "అందరూ సేతులు కట్టుకుని కళ్ళు మూసుకోండమ్మా" అనేసింది! వాళ్ళు నవ్వేశారు. జాక్సన్ ఒళ్ళో మన పిల్ల మాత్రం నిజంగానే మూసుకుంది. అమ్మ అంతా చెప్పి కూర్చోగానే "ఆమేన్" అంది.

ఆవుకి తవుడు తెచ్చారా? కోళ్ళగూడు తలుపు వేస్తున్నారా? దేవుడు మీకు తోడు. పిల్లని నేను తేను. ఎండురొయ్యలు పట్టుకుని మీరే రండి.
ఆరోగ్యమ్మ