అది మిరప ఘాటు కాదు

చీమకుర్తి,
ఏప్రిల్ 9, బుధవారం.

ప్రియమైన తమ్ముడు ఏలియాకు, అక్క రెబ్కా ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాసేది. ఆయన దయవల్ల నేనూ, మీ బావా, అమ్మా బాగున్నాం. అమ్మ మోకాళ్లు బాగాలేవు కానీ, బాగాలేవని రోజుకు పదిసార్లు చెప్పే ఓపిక ఉంది కాబట్టి నువ్వు బెంగపడనక్కర్లేదు. నువ్వక్కడ ఆ లద్దాఖ్ మంచులో క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం శనివారం అందింది. ఫోను పలకని చోట నీకు డ్యూటీ వేసినందుకు మీ ఆఫీసరుకు దణ్ణం పెట్టాలి, లేకపోతే నువ్వు నాలుగు పేజీలు రాసేవాడివా? అమ్మకు మొత్తం చదివి వినిపించాను, ఒక్క ముక్క తప్ప. పొద్దుగూకాక దీపం చుట్టూ రంగుల వలయాలు కనపడుతున్నాయనీ, కనుబొమల మీద నొప్పిగా ఉంటోందనీ, ఇదంతా మంచు మాయేననీ నవ్వుతూ రాశావే, అది. మీ ఆఫీసుకు రెండుసార్లు ఫోన్ చేసి, నిన్ను కంటి డాక్టరుకు చూపించమని చెప్పాను. "చెబుతాం బహెన్‌జీ" అన్నారు. వాళ్లు చెప్పినా నువ్వు నవ్వేసి ఊరుకుంటావని నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం. దీన్లో నేను రాయాల్సింది ఒకటుంది, దానికి ధైర్యం కూడగట్టుకోవాలి. ఈలోపు నువ్వడిగినవాటికి జవాబులు చెప్తాను.

నేను పనిచేసే కంటి ఆసుపత్రి వ్యానులోని ఆ లేజరు మిషను ఊళ్లలో ఎలా పనిచేస్తుందని అడిగావు. మొదట్లో పనిచెయ్యలేదు. నీటికాసులంటే కంట్లో నీరు పోయే దారి మూసుకుపోయి, లోపల ఒత్తిడి పెరిగి, చూపు నరం చచ్చిపోయే జబ్బు. మా మిషను కంటి నల్లగుడ్డు పక్కన సూదిమొనంత కన్నం వేసి ఆ నీటికి దారిస్తుంది. ఆ క్షణంలో మనిషి వెంట్రుకవాసి కదలకూడదు. మిషనుకేమో చల్లటి గది కావాలి, దుమ్ముండకూడదు, అదురుండకూడదు. చీమకుర్తిలో ఈ మూడూ ఎక్కడ దొరుకుతాయో నువ్వే చెప్పు.

గ్రానైటు లారీ ఒకటి పోతే చాలు, వ్యానులో వెలుగు చుక్క వణికేది. డాక్టరు షిరీన్ గారు పెడలు మీద కాలు పెట్టడం, తీయడం, విసుక్కోవడం. ఒకరోజు రాళ్లకు పాలిషు పట్టే బుల్లయ్య గడ్డం ఆనించి కూర్చుని, "కదలొద్దని నన్నంటారేందమ్మా, మీ బల్లే కదల్తా ఉంటే" అన్నాడు. మర్నాడు పగులొచ్చి పారేసిన రాతి పలక ఒకటి ట్రాలీలో వేయించుకొచ్చాడు. చర్చి గదిలో ఇసుక పోసి, దానిమీద పలక పరిచి, మిషను వ్యానులోంచి దించి ఆ పలక మీద పెట్టించాడు. అంతే, చుక్క నిలబడింది. క్వారీలో మందు పేల్చే వేళకు మాత్రం మేం మిషను ఆపి అన్నాలు తింటాం.

ఎండకు మిషను దానంతటదే ఆగిపోతుంది, కాబట్టి తెల్లారుజామున మొదలుపెట్టి పదింటికల్లా ముగిస్తాం. కిటికీలకు తడి గోతాలు కడతాం. కూలరు వెనక జల్లెడకు పల్చగా పత్తి పరుస్తాం, దుమ్మంతా దానికే పడుతుంది. మరి మిరప ఊళ్ల సంగతా? కిందటి నెల వెంకటరావమ్మ అనే ఆవిడ కళ్లంలోంచి నేరుగా వచ్చి కూర్చుంది. సరిగ్గా లేజరు కొట్టబోయే వేళకు ఆవిడకు తుమ్ము రావడం, డాక్టరు గారు పెడలు వదిలెయ్యడం ఒకేసారి జరిగాయి. దేవుడు కాపాడాడు. ఇప్పుడు తలంటుకుని, వేరే చీర కట్టుకుని, కళ్లానికి దూరంగా గంటసేపు కూర్చున్నవాళ్లనే పిలుస్తున్నాం. అందరూ పెళ్లికొచ్చినట్టు వస్తున్నారు.

మీ మంచులో ఆ మిషను పనిచేస్తుందా అని కూడా అడిగావు. చేస్తుందన్నారు డాక్టరు గారు. చలిలోంచి వెచ్చటి గదిలోకి తెస్తే అద్దాలకు చెమ్మ పడుతుందట, అది ఆరేదాకా ఒక పూట ముట్టుకోకుండా ఉంచాలట. కానీ ఏలియా, నీకోసం మిషను కొండెక్కే దాకా ఆగనక్కర్లేదు, నువ్వే దిగు.

వెంకటరావమ్మ తుమ్ము తగ్గాక ఒక మాట అంది. "దీపం చుట్టూ రంగులు నాకు మూడేళ్లనించి కనపడతన్నాయమ్మా. మిరప ఘాటే గదా అని ఊరుకున్నా." నా చేతిలోని చుక్కల మందు సీసా జారిపోయింది. ఆ మాట నేను మన ఇంట్లో విన్నాను.

మన నల్లపాడు కళ్లాలు గుర్తున్నాయా నీకు? నేలంతా ఎర్రగా పరుచుకుని, మనం కాలు పెడితే అమ్మ కేకలేసేది. నాన్నను అంకయ్య మేస్త్రీ అనేవాళ్లు. గుట్టలో రంగు పోయిన తాలు కాయ ఎక్కడున్నా నిలబడే చూపించేవాడు. సాయంత్రం నిన్ను భుజాన ఎక్కించుకుని వస్తుంటే, మీ ఇద్దరి వంటికీ పట్టిన కారానికి వీధిలో కుక్కలు కూడా తుమ్మేవి. ఆ ఇంటి వాసన, ఆ నవ్వులు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. నాన్న కళ్లు ఎర్రబడితే అమ్మ తడిగుడ్డ వేసేది, ఘాటు అనేది. మనమూ ఘాటు అనేవాళ్లం. కళ్లంలో ఉన్నవాడికి కళ్లు మండకపోతే వింత గానీ, మండితే వింతేముంది?

ఇక అసలు సంగతి రాస్తాను.

నువ్వు మిలిటరీకి వెళ్లే ముందు సంవత్సరం, కరెంటు బుడ్డి చుట్టూ రంగులు కనపడుతున్నాయని నాన్న నాకొక్కదానికే చెప్పాడు. కొన్నాళ్లకు పక్కన నిలబడ్డ మనిషి ఆయనకు కనపడడం మానేశాడు. తాలు కాయలు చేత్తో తడిమి ఏరేవాడు, నేను పక్కన కూర్చుని మిగిలినవి తీసేసేదాన్ని. ఎవరికైనా చూపిద్దాం నాన్నా అంటే ఒకటే మాట. "చిన్నోడు నా కళ్ల సంగతి తెలిస్తే బండెక్కడు. వాణ్ణి పోనీ. నువ్వు చెప్పబాక." వద్దని నీతో పోట్లాడిన మనిషే, నువ్వు సెలెక్టయ్యాక అలా మారిపోయాడు.

నువ్వు వెళ్లిన రోజు నల్లపాడు స్టేషనులో నాన్న ముఖం తిప్పుకున్నాడనీ, వెళ్లేటప్పుడు నీ వంక చూడనైనా చూడలేదనీ పదిహేడేళ్లుగా అంటున్నావు. మొన్నటి ఉత్తరంలోనూ రాశావు. ముఖం తిప్పుకోలేదురా. నువ్వు కిటికీలోంచి పిలిచావు, జనం గోలలో అది ఎటునుంచో ఆయనకు అందలేదు. నా మోచెయ్యి పట్టుకుని "కదిలిందా?" అన్నాడు. కదిలింది నాన్నా అన్నాను. వెంటనే చెయ్యెత్తి ఊపాడు, ఎదురు ప్లాట్‌ఫారం వైపు. ఆయన్ను భుజం పట్టి నీ వైపు తిప్పాల్సింది నేను. తిప్పితే నీకు తెలిసిపోతుందని తిప్పలేదు. నీ మొదటి సెలవు నాటికి ఆయన చూపు పూర్తిగా పోయింది, నువ్వెళ్లాకే పోయిందని నీకు చెప్పాం. ఆయన చనిపోయినప్పుడైనా చెప్పాల్సింది. నోరు రాలేదు.

ఆ రంగులు ఏ జబ్బుకు గుర్తో ఈ ఉద్యోగంలో చేరాకే నాకు తెలిసింది. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. నా మాట నిలబెట్టుకుని నాన్న కళ్లు పోగొట్టాను.

ఈ జబ్బు రక్తంలో వస్తుంది. వెంకటరావమ్మ వచ్చిన మర్నాడు నేనూ బుల్లయ్య పలక ముందు కూర్చున్నాను. నాకూ కంట్లో నీరు పోయే ఆ దారి సన్నగా ఉందట. రెండు కళ్లకూ లేజరు చేశారు, చీమ కుట్టినంతే. పోయిన చూపును అది తేలేదు గానీ, ఉన్నదాన్ని నిలబెడుతుంది. ఇక మిగిలింది నువ్వు. నాన్నకు ఘాటు, నీకు మంచు. ఒక ఇంట్లో ఒకసారి మోసపోయింది చాలు.

ఈ ఉత్తరం మీ ఆఫీసరుకు చూపించి, కొండ దిగి ఆసుపత్రికి వెళ్లు. గడ్డం బల్లకు ఆనించి, ఊపిరి బిగబట్టి, ఎదురుగా చూడు. తర్వాత నామీద ఎంత కోపం వచ్చినా సరే, పడతాను.

సెలవుకు వచ్చినప్పుడు నల్లపాడులోనే దిగు. నేను ఎదురుగా రాను, నిన్ను పిలవను, చెయ్యి ఊపను. నాన్న నిలబడ్డ చోటే ఒక పక్కగా నిలబడి ఉంటాను. తల తిప్పకుండా నువ్వే నన్ను చూడాలి.

ఇట్లు,
నిన్ను ఇన్నేళ్లు చీకట్లో ఉంచిన
నీ అక్క,
రెబ్కా