సుశీల చేతి తొట్టెల

ఆషాఢం, శనివారం రాత్రి, 1954. లాల్‌దర్వాజా.

రేపు బోనాలు. మనవరాలు సుశీలకు జ్వరం తగ్గితే, పిల్ల చేత్తో చేసిన తొట్టెల, అంటే కాగితాల ఊయల, అమ్మవారి గుడిలో కడతానని మొక్కుకున్నది నేనే. జ్వరం తగ్గింది. పొద్దున ఇద్దరం వెదురు పుల్లలు కట్టి, మైదా జిగురుతో రంగు కాగితాలు అంటించాం. తొట్టెల ఒక పక్కకు ఒరిగింది. దాని మీది చిలుక తలకిందులైంది.

గోడ అవతల తమ్ముడు రాజయ్య కూడా తొట్టెల కడుతున్నాడు. "పుస్తకాలు జదివితే పుల్ల వంగదన్నా" అని ఏటా నలుగురిలో నన్ను ఎగతాళి చేసేది వాడే. ఈసారి వాడి నోరు మూయించాలనుకున్నాను. మధ్యాహ్నం పిల్ల నిద్రపోగానే అంతా విప్పి, మళ్ళీ చక్కగా కట్టాను.

లేచి చూసింది. "ఇది నాది గాదు తాతా. నా చిలుక ఏది?"

"గిది మస్తుగున్నది గద బిడ్డా."

"అయితే నువ్వే కట్టుకో."

మిగిలిన కాగితాలు తీసుకుని రాజయ్య ఇంటికి పోయింది. సాయంత్రం గోడ మీదుగా వాడి గొంతు వినబడింది. "అన్నా, నీ మేస్త్రీ మా దగ్గర పనికి కుదిరింది. ఫికర్ జెయ్యకు."

ఇన్ని గ్రంథాలు చదివాక మొక్కుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అయినా నిద్ర పట్టడం లేదు. ఆ జ్వరం రోజుల్లో పిల్ల ఒళ్ళు...

నేను కట్టినది నిటారుగానే ఉంది, కానీ మొక్కుకు పనికిరాదు. పిల్ల చేత్తో చేసేది వాడింట్లో తయారవుతోంది. రేపు నా మొక్కు తీరాలంటే వాడి వెనక గుడికి నడవాలి. వాడు వెనక్కి తిరిగి నవ్వకుండా ఉండడు. ఆ నవ్వు ఓర్చుకోగలనో లేదో.