నాలుగు రౌండ్లూ, పేరు లేని నోటూ

నవంబర్ 3, సోమవారం

నాలుగో రౌండ్ అయింది. గురుగ్రామ్, పదహారో అంతస్తు, అద్దాల గది. అటు ఐదుగురు, ఇటు నేను. యాభై రెండేళ్ల మనిషిని కూర్చోబెట్టి, ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటారని అడిగారు. రిటైర్మెంటుకి మూడేళ్ల దూరంలో, అన్నాను. ఛైర్‌పర్సన్ మేడమ్ ఒక్కతే నవ్వింది. నాతో నవ్విందా, నన్ను చూసి నవ్విందా... మెట్రోలో ఢిల్లీ దాకా, సాకేత్‌లో ఇల్లు చేరేదాకా అదే ఆలోచన.

కార్మికుల సంక్షేమం కోసం పుట్టిన ఫౌండేషన్. పరిశోధన విభాగానికి పెద్ద కావాలట. ముప్ఫై ఏళ్లు కార్మికుల గురించే రాసినవాణ్ని నాలుగుసార్లు తూచాలా? తూచుకోండి. బరువు తగ్గను.

నవంబర్ 4

మూర్తి ఫోన్. మా పత్రిక మూతపడిన రోజున ఇద్దరం కలిసే రోడ్డున పడ్డాం. అప్పట్నుంచి వాడు ఇంటర్వ్యూల మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు.

"పే స్లిప్పులు అడిగారా?" అడిగారు. "ఎప్పుడు చేరగలరన్నారా?" అన్నారు. "లిఫ్ట్ దాకా ఎవరైనా వచ్చారా?" హెచ్ఆర్ అమ్మాయి వచ్చింది.

"అయితే ఖాయం రా! లిఫ్ట్ దాకా వచ్చారంటే అయిపోయినట్టే."

శకునాలు చూసేవాళ్లని జన్మంతా వెక్కిరించాను. ఇప్పుడు లిఫ్ట్ శకునం.

నవంబర్ 6, గురువారం

మా ఆవిడ సరళ ఆఫీసులో బదిలీ ఫారాలు ఇచ్చారు. విజయవాడలో ఖాళీ. వెళ్తే ప్రమోషన్, వదిలితే మళ్లీ ఎప్పటికో. 'ఇష్టం', 'ఇష్టం లేదు' - ఒకదానికి టిక్ పెట్టి 14వ తేదీ శుక్రవారంలోగా ఇవ్వాలి. నాకిక్కడ ఉద్యోగం వస్తే ఉండిపోవడం, రాకపోతే వెళ్లడం. అదీ మా ఒప్పందం.

"నిజం చెప్పు. వస్తుందా?"

"వస్తుంది."

"ఎట్లా చెప్తున్నావు?"

లిఫ్ట్... అనబోయి ఆగాను.

నవంబర్ 8

కబురు లేదు. కబురు లేకపోవడమూ కబురే అంటాడు మూర్తి. నోర్ముయ్యి అన్నాను.

నవంబర్ 10, సోమవారం

ఆ ఉద్యోగ ప్రకటన ఇంకా ఉందా, తీసేశారా అని వాళ్ల వెబ్‌సైట్ తెరిచాను. ప్రకటన ఉంది. దాని పక్కనే నా నోట్ ఉంది.

మూడో రౌండుకి 'పరీక్ష కోసమే' అని రాయించుకున్నది. సెక్యూరిటీ గార్డుల పని మీద ఎనిమిది పేజీలు. నాలుగు రోజులు గురుగ్రామ్ గేట్ల దగ్గర నిలబడి, మాట్లాడి రాశాను. ఇప్పుడది 'మా పరిశోధక బృందం' రాసిందట. నా వాక్యాలు. నా కామాలతో సహా!

పేరు ఎగిరిపోయింది. దాంతోపాటు ఒక పేరా కూడా. వాళ్ల భవనం గేటు దగ్గరి గార్డుది. పన్నెండు గంటల డ్యూటీ, కుర్చీ లేదు. ఎందుకు లేదు భయ్యా అంటే, "కుర్సీ దేంగే తో బైఠ్ జాయేంగే నా, సాబ్!" అని నవ్వాడు. ఇస్తే కూర్చుంటారని ఇవ్వరు. ముప్ఫై ఏళ్లలో ఇంత మంచి వాక్యం నేను రాయలేదు. అదొక్కటే కోసేశారు. కోసినవాడికి చదవడం బాగా వచ్చు.

"పోనీ, నచ్చబట్టేగా పెట్టుకున్నారు. మంచిదేనేమో," సరళ.

"దొంగకి నా గొలుసు నచ్చిందని నేను సంతోషించాలా?"

"అరవకు. ఎత్తుకెళ్లింది నేను కాదు."

నవంబర్ 11

మూర్తి: "ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా ఊరుకో నాయనా. చేరాక అడుగు. లోపల్నుంచి అడిగితే బలం."

లోపల్నుంచి! ఈ మాట చెప్పి లోపలికి వెళ్లినవాళ్లని ఎంతమందిని చూశాను. లోపల ఏసీ చల్లగా ఉంటుంది, గొంతు పట్టేస్తుంది. కూలి ఇవ్వకుండా పని చేయించుకోవడాన్ని ఏమంటారో ఊరందరికీ చెప్పినవాణ్ని. అదే నాకు జరిగితే ఓపిక అనాలా, లౌక్యం అనాలా? అనను.

అయినా... మెయిల్ రాసి డ్రాఫ్టులోనే ఉంచాను. పంపలేదు. ఇక్కడైనా నిజం రాయాలి కదా - భయమేసింది.

నవంబర్ 12, బుధవారం

పంపాను. పొద్దున పదకొండుకి. నా పేరు పెట్టండి, లేదా నోట్ తీసేయండి. పెడితే ఆ పేరాతో సహా పెట్టండి. 'గౌరవంతో' అని ముగించలేదు.

నవంబర్ 13

హెచ్ఆర్ అమ్మాయి ఫోన్. "సర్, మ్యామ్ మండే కో మిల్నా చాహ్తీ హై. ఇంటర్వ్యూ నహీ, బస్ ఛోటీ సీ చాట్."

ఛైర్‌పర్సన్ సోమవారం కలుస్తుందట, ఇంటర్వ్యూ కాదు, ఊరికే కాసేపు కబుర్లట. నోట్ సంగతికా, ఉద్యోగం సంగతికా? "దోనో, ఐ థింక్ సర్." రెండూనట.

ఉద్యోగం ఇవ్వనివాణ్ని కబుర్లకి పిలవరు. నోరు మూయించదలుచుకుంటే ఉద్యోగమిచ్చి కూడా మూయించొచ్చు. రెండూ నిజమే కావచ్చు. పిలుపు సోమవారం. ఫారం గడువు రేపు.

నవంబర్ 14, శుక్రవారం

సరళ ఆఫీసు నుంచి రాగానే అడిగాను, ఫారం ఏం చేద్దామని. మంగళవారమే ఇచ్చేసిందట! నేను మెయిల్ పంపకముందే.

"ఇష్టం అని పెట్టాను."

"అంటే నాకు రాదని తేల్చేశావు!"

"వస్తుందనే అనుకున్నా. వచ్చినా ఆరు నెలలు దాటి నువ్వక్కడ ఉండలేవు. నీకు తప్ప అందరికీ తెలుసు."

"మన ఒప్పందం?"

"ప్రమోషన్ నాది కదా. ఆడవాళ్ల ఉద్యోగాల గురించి నువ్వు రాసిన సంపాదకీయాలన్నీ నేనే ప్రూఫులు దిద్దాను. ఒకటైనా మనింట్లో అమలు చేద్దామని."

 

నవంబర్ 16

ఆమె పక్కగదిలో ఫోనులో విజయవాడ ఇళ్లు చూస్తోంది. ఒకరికి సరిపోయేదా, ఇద్దరికా... అడగలేదు. నువ్వూ వస్తావా అని ఆమె కూడా నన్ను అడగలేదు.

నవంబర్ 17, సోమవారం

పదహారో అంతస్తు. పదిహేను నిమిషాలుగా కూర్చోబెట్టారు. టీ ఇచ్చారు, చల్లారిపోయింది.

పేరు అడుగుతాను. పేరా అడుగుతాను. అదంతా తర్వాత, ముందు సంతకం పెట్టండి అంటే లేచి వచ్చేస్తాను. క్షమించండి, పొరపాటైంది, ఉద్యోగం మాత్రం కుదరదు అంటే అప్పుడూ వచ్చేస్తాను, తల ఎత్తుకునే. రెండింటికీ మాటలు సిద్ధం. దారిపొడుగునా తయారు చేసుకున్నాను.

పేరూ పెట్టి, పేరా పెట్టి, ఉద్యోగమూ ఇస్తామంటే?

దానికి మాత్రం జవాబు తెచ్చుకోలేదు. లోపల్నుంచి పిలుస్తున్నారు.