సీలు విప్పని ఉల్టా సైకిల్

17 సెప్టెంబరు 2000, ఆదివారం, ఉదయం 7
దొరికింది! 'ఉల్టా సైకిల్' వీడియో క్యాసెట్! సీలు కూడా విప్పలేదు!
పాతికేళ్ల కింద జుట్టు పెంచిన కుర్రాళ్లు కొందరు మా శామీర్‌పేట చెరువుకట్ట మీద తీసిన హాస్య సినిమా. హీరో సైకిల్ మీద వెనక్కి తిరిగి కూర్చుని గంటన్నరసేపు తొక్కుతాడు. కథ లేదు. ఒక్క ఆటే ఆడింది. అందుకే పాత సినిమాలు పోగేసేవాళ్లు దీనికోసం పడి చస్తారు.
అల్వాల్ కృష్ణారావు గారు అక్టోబరు ఒకటిన వస్తారు. సీలు చెక్కుచెదరకుంటే బదులుగా ఆయన ప్రొజెక్టరు నాకు!
ప్రతిజ్ఞ: అప్పటిదాకా ముట్టను.

18, సోమవారం
ముట్టలేదు. బీరువాలో పెట్టి తాళంచెవి అవ్వకిచ్చాను. ఏం నిగ్రహం నాది!

20, బుధవారం
అవ్వకివ్వడమే తప్పయింది. డబ్బా మీది బొమ్మ చూసేసింది.
"గిది మన బర్రె గదరా శ్రీకాంతూ! షూటింగు నాడు మీ తాత బర్లను తోలుకొని వాళ్ల నడుమకెల్లే పోయిండు. అండ్ల ఉన్నడేమో సూడు బిడ్డా."
తాత ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు. దిగమంటే బర్రెలు ఆగవనేవాడు. పోయిన పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు అవ్వ ఉత్త గోడకే బొట్టు పెడుతుంది.
కుదరదన్నాను. అవ్వ డబ్బాను కొంగుతో తుడిచి మళ్లీ బీరువాలో పెట్టింది. అదే బాధ.

24, ఆదివారం, మధ్యాహ్నం 2
వానలు. టేపుకు బూజు పడుతుందట. చూసుకోవడం నా బాధ్యత. సీలు ఒక్క మూల మాత్రమే...
2.10: మొత్తం ఊడింది.
3.05: తాత! పదకొండు సెకన్లు! హీరోను కర్రతో అదిలిస్తూ!

27, బుధవారం, పెత్రమాస
తాత దగ్గర బొమ్మ ఆపాను. టీవీ అద్దం మీద బొట్టు. ముందు విస్తరి, గారెలు. ఎక్కువసేపు ఆపితే టేపు అరుగుతుంది. అరగనీ.
ఐదు నిమిషాలకు వీసీఆర్ తనంతట తానే నడిచింది. తాత బర్రెల వెంట వెళ్లిపోయాడు.
"ఎప్పుడు గింతే. బువ్వ కాడ గూడ నిలవడడు. మళ్ల పిలువురా," అంది అవ్వ.
ఆరుసార్లు పిలిచాను. అవ్వ నవ్వింది, ఏడ్చింది. నేనూ అంతే.

1 అక్టోబరు, ఆదివారం, ఉదయం 11
కృష్ణారావు గారు వచ్చారు. క్యాసెట్ వేసి చూపిస్తే తాత ముఖం మీద అడ్డంగా తెల్లగీత పడింది.
"మొత్తం ఖరాబ్ జేసినవ్ గదయ్యా!"
ప్రొజెక్టరు కారులోంచి దిగనే లేదు. ఏడుపొచ్చింది.
డబ్బాకు జిగురు టేపు చుట్టి నేనే సీలు వేశాను. ప్రతిజ్ఞ: వచ్చే పెత్రమాస దాకా ముట్టను.

సాయంత్రం 4
అవ్వ చెల్లెలు సాలమ్మ కుత్బుల్లాపూర్ నుంచి వచ్చింది. బావను చూస్తుందట. అవ్వ అప్పుడే టీవీ ముందు విస్తరి వేసింది.
ప్రతిజ్ఞ రేపటి నుంచి.