రెండు మూరలు ముందుకు జరిపిన నీళ్ళ తొట్టి

మజగాం, బొంబాయి
ఆదివారం

వీరన్నకు తమ్ముడు నరసింహులు నమస్కరించి రాసేది. నాకు ఇక్కడ ఏ కొరతా లేదు. వదిన, పిల్లలు ఎట్లున్నారు? అమ్మ ఎట్లుంది? ఈమధ్య తలనొప్పి గానీ, తల తిరగడం గానీ ఏమైనా వచ్చిందా? ఊరికే అడుగుతున్నాను. కుందేటికి నీళ్ళొచ్చాయా? రాజధాని హైదరాబాదుకు లేచిపోయాక కర్నూల్లో ఇళ్ళకు బాడుగ పలకడం లేదని ఇక్కడొకాయన చెప్పాడు. నంద్యాలలో మన ఎద్దుబండ్లు చేసే పనికేం ఢోకా లేదనుకుంటాను.

ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపిస్తావని తెలుసు. మధ్యలో ఒకచోట "ఇక్కడ ఆగు" అని రాస్తాను. అక్కడ ఆపి, ఇంతే రాశాడని చెప్పు.

ఇక్కడ వానలు తగ్గాయి. నాలుగు నెలలు గుడ్డలు ఆరలేదు, ఇప్పుడు ఎండ చూస్తే ప్రాణం లేచొచ్చింది. జొన్నరొట్టె దొరుకుతుంది. కారం మాత్రం కారం కాదు, ఎర్రరంగు. ఆళ్ళగడ్డ హుసేనప్ప, అదే నన్ను ఈ పనిలో పెట్టించినాయన, నేనూ ఒకే గదిలో ఉంటున్నాం. వంట ఆయనది, గిన్నెలు నావి. సాయంత్రాలు మన మాట వినబడక దిగులేస్తుంది. ఆయన ఉన్నాడు కాబట్టి సరిపోయింది. దిగులు పడొద్దని అమ్మకు చెప్పు.

"పడవంటే చెక్కలు కొట్టి తారు పూసేదే గదరా, దాంట్లో అంత పనేముండాది?" అని పోయిన ఉత్తరంలో ఎగతాళి చేశావు. విను మరి. మేం చేసింది ఒక మిల్లు యజమాని కోసం. ఆయనకు ఆదివారం తెరచాప పడవల పందెంలో గెలవాలి. సెలవుల్లో భార్యాపిల్లలతో పది రోజులు రత్నగిరి దాకా పోయిరావాలి, వంటగది, పడకలు ఉండాలి. పందెపు ఎద్దులతోనే ధాన్యం బస్తాలు కూడా తోలించినట్టు. మా ఇంజనీరు కుర్రవాడు, నా వయసే ఉంటుంది. రెండూ కుదురుతాయన్నాడు.

తెల్లరంగు వేసిన పెద్ద నేల మీద పడవ మొత్తాన్ని అసలు కొలతలో గీశాడు. మనం చక్రం గీయాలంటే మేకుకు తాడు కట్టి తిప్పుతాం. ఇక్కడ గుండ్రం లేదు, తిన్నన లేదు. పలచటి బద్దను వంచి, అది ఇష్టపడి ఎట్లా వంగితే అట్లా గీత. పలక కూడా ఒకటే దళసరిది కాదు. వేలెడు మందం లేని చెక్కలు మూడు పొరలు, ఒకదానికొకటి అడ్డంగా, జిగురుతో అంటించాం. మేకు లేదు. ఆత్మకూరు టేకు అనుకునేవు, ఇది దానికంటే చాలా తేలిక.

అసలు కొత్త సంగతి అడుగున ఉంది. పాత పడవలకు అడుగున వెన్ను ముందు నుంచి వెనకదాకా పోతుంది, చుక్కాని దాని తోకకే తగిలించి ఉంటుంది. దీనికి నడుమ మాత్రం పొట్టిగా ఒక సీసపు రెక్క. గాలికి పడవ ఒరిగితే మళ్ళీ నిలబెట్టేది ఆ బరువే. చుక్కాని దానికి దూరంగా, వెనక ఒంటరిగా నిలబడి ఉంటుంది. నీళ్ళ రాపిడి తక్కువ, తిరగడం తొందర. మా కార్ఖానాలో పాత మేస్త్రీలకు ఇది అస్సలు గిట్టలేదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మంచినీళ్ళ తొట్టి బిగించే పని నాకిచ్చారు. ఇరవై కడవలు పట్టే తొట్టి. పటంలో దాన్ని నడిమికి వేశాడు. ముందంతా ఖాళీ. నాకు మనసొప్పలేదు. ముందు తేలికైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు నొక్కుతుందని చిన్నప్పటి నుంచి నువ్వు నెత్తిన మొట్టి నేర్పావు గదా! ఎవరినీ అడక్కుండా రెండు మూరలు ముందుకు జరిపి బిగించేశాను. చక్కగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

నీళ్ళలోకి దించితే నీళ్ళు ఎక్కడిదాకా రావాలో చూపే రంగు గీత ముక్కు దగ్గర రెండు వేళ్ళు మునిగింది. తెరచాప స్తంభం బరువనుకున్నారు. యజమాని తోలుకుపోయి, చెయ్యి పిసుక్కుంటూ తిరిగొచ్చాడు. కాస్త గాలి రాగానే పడవ ముక్కు గాలివైపే తిప్పుకుంటుందట, చుక్కాని రెండు చేతులా పట్టుకున్నా ఆగదట. "ఈ కొత్త చుక్కాని కోసెయ్యండి. సోమవారం పాత పద్ధతిలో పెట్టండి" అనేసి వెళ్ళాడు. పాత మేస్త్రీలు నవ్వుకున్నారు. ఇంజనీరు పటాలు చుట్టుకున్నాడు. ముక్కు బరువెక్కింది నా తొట్టి వల్లేనని నాకప్పుడు తట్టింది.

హుసేనప్పకు చెప్పాను. "నోరు మూసుకోనుండప్పా. ఇంజనీర్ల తగువులో నీకేం పని? పని పోతే యాడికి పోతావ్?" అన్నాడు. అయినా పొద్దున్నే పోయి ఇంజనీరుకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. కాడి సంగతి కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"నీ బండికి ముందు ఎద్దులున్నాయి, బరువు మోస్తాయి. దీనికి ముందు ఏముంది?" అన్నాడు.

నీళ్ళు, అన్నాను. నాకే నవ్వొచ్చింది, ఆయన మాత్రం నవ్వలేదు. ఆ రోజే తొట్టి వెనక్కి జరిపించాడు. అడక్కుండా చేసినందుకు నెల రోజులు నాకు చిత్రిక పట్టడం తప్ప మరో పని లేదు. పని పోలేదు, అది చాలు. 

ఇక్కడ ఆగు అన్నా.

తొట్టి జరిపాక ఇంజనీరు "నువ్వూ ఎక్కు. నీ చేత్తో పట్టి చూడు" అన్నాడు. నంద్యాల స్టేషన్లో అమ్మ అన్నది నీకు గుర్తుండే ఉంటుంది. మామ కుందేటిలో కొట్టుకుపోయినప్పటి నుంచి ఆమెకు నీళ్ళంటే భయం. "పడవలు చెయ్, దుడ్లు సంపాదించు, నీళ్ళ మీద కాలు మాత్రం పెట్టొద్దు. నా తల మీద చెయ్యి పెట్టి చెప్పు నాయనా" అంది. పెట్టాను, చెప్పాను. అయినా ఎక్కాను. తప్పు నాది, సరిపోయిందో లేదో నేను చూడకపోతే ఎట్లా?

పడవ ఒరిగేసరికి తాడు కరిచిపట్టి "అహోబలం స్వామీ!" అని అరిచాను. యజమాని పకపకా నవ్వాడు. తరువాత చుక్కాని నా చేతికిచ్చారు. రెండు వేళ్ళతో పట్టుకుంటే చాలింది అన్నా, గీత గీసినట్టు పోయింది. సోమవారం రంపం మాట ఎవరూ ఎత్తలేదు.

ఇంతదాకా రాసి మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాను. తొట్టి సంగతి దాచి ఉంటే మంచి చుక్కానిని కోసేసేవాళ్ళు. ఇది అమ్మ దగ్గర దాచడం కూడా నాకు చేతకావడం లేదు. నువ్వు ఆపేసి ఉంటే ఆమెను మళ్ళీ కూర్చోబెట్టి ఆపిన చోటు నుంచి చదువు. తిట్టినవన్నీ ఒక్క మాట వదలకుండా రాసి పంపు.

మన నాయన చిన్న బాడిస పిడి తీసేసి, గోనెలో చుట్టి, ఇక్కడికి రాబోతున్న హుసేనప్ప బామ్మర్దికివ్వు. చెనిక్కాయల పొడి కూడా. వదినకు, పెద్దలందరికీ నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. అమ్మ కాళ్ళకు నా మొక్కు.

పడవ ఎక్కిన రోజు నుంచి పోస్టు జవాను కనబడితే గుండె దడదడమంటోంది. ఉత్తరం తీరిగ్గా రాద్దువులే. ముందు ఒక కార్డు ముక్క వెయ్యి, అమ్మ తల బాగుందని.

నీ తమ్ముడు,
నరసింహులు